ఉయ్యాల్లో సుర్ పెట్టె

రండి, ఇట్లా దగ్గరకు జరిగి కూర్చోండి. బీడీల చాట పక్కకు నెడతాను, ఆకుల తడిగుడ్డ మీ చీరకు తగలదు. వీధిలో మగ్గాల మోత ఎక్కువ, దూరంగా కూర్చుంటే నా మాట సగం కూడా మీకు చేరదు. మా మీదింటి గదిలో చాలా ఏళ్లు ఉండి, తర్వాత భీవండికి అక్క దగ్గరకు వెళ్లిపోయిన ఒక మనిషి గురించి చెబుతాను. మొన్న భీవండి నుంచి ఆయన అక్క కొడుకు ఫోన్ చేశాడు. మామ పోయాడు, మీకు చెప్పమన్నారు అన్నాడు, పెట్టేశాడు. అంతకు మించి చెప్పడానికి వాడికేమీ తెలియదు. నాకు తెలుసు.

ఆయన పేరు చెప్పను. ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్లు మా సోలాపూర్ నీలం నగర్‌లో ఎవరూ లేరు. నాకు అన్న, మా తోడికోడలికి అన్న, మా అత్తకు బిడ్డ. అశోక్ చౌక్ దగ్గర రేడియోలు, టేపులు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. రేడియోలు పోయాయి, టేపులు పోయాయి, దుకాణానికి తాళం పడింది. పెండ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు చెప్పేవాడు, ఏదీ నిజం కాదని అందరికీ తెలుసు.

ఆయన మాట్లాడే తీరు మీరు చూడాల్సింది. మెట్ల మీద కూర్చుని, చెప్పాల్సింది మొత్తం చెప్పి, చివర "బస్, ఇగ నువ్వు చెప్పు" అనేవాడు. అని ఆగేవాడు. మనం ఒక మాట అని ఊపిరి తీసుకుంటే మధ్యలో దూరేవాడు కాదు, మనది నిజంగా అయిపోయిందా అని ఇంకాస్త ఆగి చూసేవాడు. రేడియోలో మాట్లాడేవాళ్లకు అదే అలవాటట. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడితే ఇద్దరివీ పోతాయట. మా ఇంట్లో ఆరుగురం ఆడవాళ్లం ఒకేసారి మాట్లాడి, ఒకేసారి విని, బీడీలు కూడా చుట్టేవాళ్లం. అందుకని ఆయన వంతు ఎప్పుడూ వచ్చేది కాదు. గ్లాసు మీద వేళ్లతో టకటకా కొట్టుకుంటూ కూర్చునేవాడు.

సర్కారు పరీక్ష రాసి ఆయన ఒక లైసెన్సు తెచ్చుకున్నాడు. దానితో ఇంట్లోనే కూర్చుని దూరపు మనుషులతో రేడియోలో మాట్లాడవచ్చు. అట్లా దొరికిన స్నేహితుడు తుల్జాపూర్ మాస్తర్. ఆయన అక్కడ బడి నుంచి రిటైరై, ఘాట్ అంచున, కొండ మీద ఇల్లు కట్టుకుని ఉండేవాడు. మరాఠీ మనిషి. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో అనుకునేరు. వాన పడిందా, ఏం తిన్నావు, మోకాలు ఎట్లా ఉంది, అంతే. రోజూ అవే. మనం మన అక్కచెల్లెళ్లతో మాట్లాడుకునేవే.

మాస్తర్ గొంతులో గడ్డ లేచింది. పుణెలో కోసి తీశారు. గడ్డతో పాటు మాట కూడా పోయింది.

ఫోన్ చేస్తే అవతల ఊపిరి తప్ప ఏమీ వినపడేది కాదు. మా తోడికోడలు నోరు ఊరుకోదు కదా, వాట్సప్‌లో రాసుకోరాదా అన్నా అని అడిగింది. "రాస్తడు చెల్లె. పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ అని పూలు పంపుతడు. అవి మాస్తర్ పూలు గావు, అందరి పూలు" అన్నాడు. తుల్జాపూర్ బస్సు గంటకొకటి ఉంది, పోయి చూసి రారాదా అని మా అత్త అన్నది. పోయి వచ్చాడు. ఆ ఇంట్లో కొడుకులు, కోడళ్లు, మనుమలు చుట్టూ నిలబడి, నోరు లేని మనిషి, నోరు పెగలని మనిషి ఏం చేస్తారా అని చూశారట. మాస్తర్ చేతికి పలక ఇచ్చారట. బడిలో పిల్లలకు పలకలు పట్టించిన మనిషి ఆ పలకను తిప్పి మంచం మీద బోర్లా పెట్టాడట. ఇద్దరూ చాయ్ తాగారు. ఈయన బస్సెక్కాడు. ఆ పూట మెట్ల మీద కూర్చున్నాడు గానీ, "ఇగ నువ్వు చెప్పు" అని కూడా అనలేదు.

ఇక మిగిలింది రేడియోకు తగిలించే మీట. వేలితో మీట నొక్కితే అవతల కూత వినపడుతుంది. పొట్టి కూత, పొడుగు కూత, వాటిని కలిపితే అక్షరాలు. గొంతు అక్కర్లేదు. అక్షరాలే అయితే వాట్సప్ ఏం పాపం చేసిందని నేనే అడిగాను. ఆయన నా చాటలోంచి ఒక బీడీ, తోడికోడలి చాటలోంచి ఒక బీడీ తీసి పక్కపక్కన పెట్టాడు. "ఇవి రెండూ ఒక్కతీరు ఉన్నయా? ఇది నీదని నేను గూడ చెప్తా. మీట కొట్టే చెయ్యి గూడ గంతే. అక్షరం ఎవలిదైనా అక్షరమే. చెయ్యి మాస్తర్‌ది."

అయితే ఆ చెయ్యి మా వీధిలోకి రాలేకపోయింది. మగ్గాల మోటార్లు తిరుగుతుంటే రేడియోలో ఎట్లా కరకరలాడుతుందో మీకు తెలుసు. దానికి తోడు ఇంటింటికీ ఇన్వర్టర్లు, ఈ తెల్ల బల్బులు. మాస్తర్ కూత ఆ రొదలో మునిగిపోయేది. చెవులకు పెట్టుకునేవి రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చునేవాడు పాపం. సుట్టీ రోజు సెలవని మగ్గాలు ఆగినా బల్బులు ఆగవు కదా.

అప్పుడు ఇద్దరూ ఒక ఆలోచన చేశారు. రేడియోలో చాలా పైన ఒక మెట్టు ఉందట, మైక్రోవేవ్ అంటారు. ఆ మెట్టు మీదకు మోటార్ల కరకర ఎక్కి రాలేదట. అక్కడ అంతా నిమ్మళం. చిన్న పళ్లెం లాంటి డిష్ ఇక్కడ మా డాబా మీద ఒకటి, అక్కడ మాస్తర్ డాబా మీద ఒకటి, రెండూ మొహామొహం చూసుకోవాలి. నడుమ ఎవరి టవరూ లేదు, ఎవరి కంపెనీ లేదు. ఒకసారి నేను తెలియక తడి చద్దరు తెచ్చి దాని ముందర తీగ మీద ఆరేశాను. ఆయన గబగబా కిందికి వచ్చాడు. "చెల్లె, నీ చద్దరు తుల్జాపూర్‌కు అడ్డం పడ్డది. జర ఇటు పక్కకు ఆరెయ్యరాదు" అన్నాడు. కొండ కంటికి కనపడను కూడా కనపడదు, అడ్డం ఎట్లా పడుతుందో నాకు అర్థం కాలేదు. ఇటు పక్కకు ఆరేశాను.

ఆ పై మెట్టు మీద ఒక చిక్కు ఉంది. అది నాకు ఎన్నిసార్లు చెప్పాడో. అక్కడ ఒకరినొకరు వెతుక్కోవడం కష్టం. ఇద్దరి సుర్, అంటే శ్రుతి, ఒక్కటి కావాలి. ఆ సుర్ ఇచ్చేది కింద ఒక చిన్న పెట్టె. ఆసిలేటర్ అంటారట, నా నోరు తిరగక నేను సుర్ పెట్టె అనేదాన్ని, చివరికి ఆయన కూడా అదే అన్నాడు. "ఈ పెట్టెల వెంట్రుకంత జరిగిందనుకో, పైకి పోయేసరికి మూరెడు జరుగుతది. మాస్తర్ ఒక తావుల పిలుస్తుంటడు, నేను ఇంకో తావుల వింటుంట. ఇద్దరం ఉంటం, కానీ కలువం."

అట్లాంటి పెట్టెలు మూడు తెచ్చి ఆయన మా మెట్ల మీద పెట్టాడు. ఏది ఉంచుకోవాలా అని వారాల తరబడి చూశాడు. మా తోడికోడలు వచ్చినప్పుడల్లా, "అన్నకు మూడు సంబంధాలొచ్చినయి, ఏ పిల్ల ఖాయం అయితదో" అని ఆటపట్టించేది. ఆయన సిగ్గుపడేవాడు.

మొదటిది ఫోన్ టవర్ల సామాను విప్పి పాత ఇనుము కొనే భంగార్‌లో వేస్తే అక్కడ కొన్నది. రుబీడియం అట. లోపల చిన్న దీపం ఉంటుంది, లెక్క అసలు తప్పదు. కాని ఆ దీపం ఇప్పటికే ఎంత కాలిందో, ఇంకెంత కాలుతుందో ఎవరికీ తెలియదు. పైగా దాని కూత కొంచెం గరగరగా ఉంది అన్నాడు. రెండోది ఆకాశంలో తిరిగే శాటిలైట్లను అడిగి తన సుర్ దిద్దుకునేది. మాస్తర్ దగ్గర కూడా అదే ఉంది, ఇంకా మంచి రకం. కొండ మీద ఆకాశం అంతా ఆయనదే కదా. మన వీధిలో నీళ్ల ట్యాంకులు, రేకులు, పక్క బిల్డింగు, ఆకాశం ఒక ముక్క దొరుకుతుంది. ఈయన తెచ్చిన పెట్టె మాటిమాటికీ దిద్దుకునేది. "పంతులు చెవి మెలేసినట్టు దీన్ని దిద్దుతనే ఉంటరు చెల్లె. మెలేసినప్పుడల్లా కూత ఉలికిపడుతది" అన్నాడు.

మూడోది పాతది. ఒక స్ఫటికం ముక్క, దాని చుట్టూ చిన్న పొయ్యి, రెండూ ఒక డబ్బాలో. ఎండ కాసినా చలి పెట్టినా లోపల ఒకటే వేడి ఉండాలి. ఆ వేడి ఎప్పుడూ ఆరకూడదు. ఆరితే మళ్లీ కుదురుకోవడానికి రోజులు పడుతుంది. దాని కూత మాత్రం తేనెలా ఉండేది. నాకే వినిపించాడు. ఎక్కడా గరగర లేదు, ఉలుకు లేదు. కాని దానికి ఒక గుణం ఉందట, ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిగా జరుగుతూ పోతుంది, అసలు లెక్క ఏదో దానికి తెలియదు.

మరి దీన్నెందుకు ఖాయం చేశావు అన్నాను.

"లెక్క మాస్తర్ దగ్గర ఉన్నది గదా. ఆయన సుర్ విని నాది జరుపుకుంట. దునియాకు సరిపోవుడు నాకు అక్కెర లేదు చెల్లె, మాస్తర్‌కు సరిపోతే సాలు."

ఆ మాట అని ఆగాడు, నా వంతు అన్నట్టు. నేను ఆకు కత్తిరిస్తూ కూర్చున్నాను.

పొయ్యి వెలిగింది. ఇక ఆయన కాలికి తాడు పడింది. కరెంటు పోతే వీధి మొత్తం మగ్గాలు వదిలి గాలి కోసం గడపల మీదకు వస్తుంది, ఆయన ఒక్కడు పైకి ఉరికేవాడు, బ్యాటరీ అందుకుందా లేదా అని. భీవండిలో అక్క కొడుకు పెండ్లి అయింది. పోలేదు. పెట్టె నేను చూసుకుంటాను పో అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అక్క ఫోన్‌లో తిట్టిన తిట్లు కింద మాకు వినపడ్డాయి. బాలింత కూడా ఇంత పట్టుకుని ఉండదు ఇల్లు, అన్నది మా తోడికోడలు. నవ్వాను గానీ, ఆ పెండ్లి రోజు సాయంత్రం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని డాబా మీద ఒక్కడే నిలబడి ఉండటం చూసి నవ్వు ఆగిపోయింది.

ఇంత చేసినా మొదట్లో కుదరలేదు. మాస్తర్ కూత వచ్చింది, ఈయన కూత పోయింది, కాని మాస్తర్ మీటతో అడిగింది ఏమిటంటే, నీ సుర్‌లో మగ్గం ఎందుకు కొట్టుకుంటుంది అని. మా గోడకు అవతల కార్ఖానా. నేల వణుకుతుంది, బల్ల వణుకుతుంది, స్ఫటికం వణుకుతుంది. ఆ వణుకు పై మెట్టుకు పోయేసరికి కొండంత అవుతుంది. మేం పుట్టినప్పటి నుంచి వింటున్న మోత, మాకు వినపడటం ఎప్పుడో మానేసిన మోత, తుల్జాపూర్‌లో వినపడింది. స్పాంజి పెట్టాడు, రబ్బరు పెట్టాడు, గోడకు పలక కొట్టి దాని మీద పెట్టాడు. లాభం లేదు.

ఒకరోజు ఆ మీది గది పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. నా పిల్లలకు ఉయ్యాల కట్టిన కొక్కెం అక్కడ ఇంకా ఉంది. "చెల్లె, ఆ కొక్కెం గట్టిగనే ఉన్నదా?" అన్నాడు. నేను నా పాత చీర ఒకటి ఇచ్చాను. సైకిలు ట్యూబు పట్టీలు కోసి కొక్కానికి వేసి, వాటికి చీర కట్టి, డబ్బాను చద్దరు మడతలో చుట్టి అందులో పడుకోబెట్టాడు. నేల ఎంత వణికినా ఉయ్యాలకు తగలదు కదా. నీలం నగర్‌లో ఇట్లాంటి మాట ఆగుతుందా? పెండ్లి కాని మనిషి ఇంట్లో తొట్టెల కట్టాడని ఆడవాళ్లు చూడటానికి వచ్చారు. ఒకామె కుంకుమ కూడా తెచ్చింది. ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి అందరికీ చూపించాడు.

మా అత్త కూడా ఎక్కింది, మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టూ. ఉయ్యాల పక్కన పీట వేసుకుని కూర్చుంది. అప్పుడే మాస్తర్ వచ్చే వేళయింది. కూత గది నిండా వినపడేట్టు పెట్టాడు. మాస్తర్ ఏదో పంపాడు, ఈయన మీట కొట్టాడు, మళ్లీ మాస్తర్. అత్త నాతో ఏదో చెబుతూ ఉంది, మా తోడికోడలి తమ్ముడి సంగతి. ఈయన ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

"మాస్తర్ అడుగుతుండు, మగ్గం పోయింది, మంచిగైంది, కానీ నీ సుర్ ఎందుకు ఊగుతుంది అని."

అందరం చూశాం. అత్త చెయ్యి ఉయ్యాల మీద ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ, తనకు తెలియకుండానే, ఊపుతూ ఉంది. ఎనిమిది మందిని పెంచిన చెయ్యి. ఉయ్యాల్లో ఏదైనా పడుకుని ఉంటే ఊరుకుంటుందా?

"అత్తమ్మా, చెయ్యి తియ్యి" అన్నాను.

"ఏడుస్తదేమో అనుకున్న" అన్నది అత్త, పరాకులో.

ఆయన మీట అందుకుని కొట్టాడు. ఏం కొట్టావు అంటే, మా ఇంటి పెద్దమ్మ తొట్టెల ఊపింది అని చెప్పిన అన్నాడు. తర్వాత గబగబా పొట్టి పొట్టి కూతలు వచ్చాయి, ఆగి మళ్లీ వచ్చాయి, తడబడి మళ్లీ వచ్చాయి. అక్షరాలు కూడా సరిగ్గా లేవట. ఆయన మా వైపు తిరిగాడు. ఆయన మొహం అట్లా అంతకుముందు చూడలేదు, తర్వాత చూడలేదు.

"నవ్వుతున్నడు. మాస్తర్ నవ్వుతున్నడు."

కొడుకులు, కోడళ్లు, మనుమలు ఎంతమంది చుట్టూ ఉన్నా, గొంతు పోయిన తర్వాత ఆ మనిషి నవ్విన నవ్వు విన్నది మేమే కావచ్చు.

అప్పటి నుంచి రోజూ నడిచింది. మధ్యాహ్నం అన్నాల తర్వాత మాస్తర్ వచ్చేవాడు. ఈయన సుర్ సరిచూసుకోవడానికని మాస్తర్ తన మిషన్ రాత్రింబవళ్లు నడిచేట్టు పెట్టాడు. దాన్నించి ఒక పొడుగు కూత వస్తూనే ఉండేది, మాట లేని కూత, దారపు పోగులా. ఈయన పొద్దున లేచి ముందు దాన్ని పట్టుకుని, తన పెట్టె వెంట్రుకంత జరిగి ఉంటే జరుపుకునేవాడు. మాస్తర్ వచ్చి మీట మీద చెయ్యి వేస్తే ఆ పోగు తెగి, మాట అయ్యేది. మాస్తర్ వెళ్లిపోతే మళ్లీ పోగు.

ఒకరోజు కిందికి వచ్చి, మాస్తర్ ఇయ్యాల రాలేదు అన్నాడు. తెల్లారి కూడా అదే అన్నాడు. కూత వస్తున్నదా అని అడిగాను. వస్తుంది, బరోబర్ వస్తుంది, వెంట్రుకంత గూడ జరగలేదు అన్నాడు. ఇంకా కొన్ని రోజులు అట్లాగే. ఫోన్ ఆయన జేబులోనే ఉంది. ఒక ఫోన్ చెయ్యరాదా అన్నా అని నేను గట్టిగా అన్నాను.

"ఫోన్ చేస్తే తెలిసిపోతది గదా చెల్లె."

అంతే అన్నాడు. నా వంతు వచ్చింది. చాట ఒళ్లోకి లాక్కున్నాను.

చివరికి వాళ్లే చేశారు. నేను పైకి చాయ్ తీసుకుపోయాను, అప్పుడే మోగింది. మాస్తర్ కోడలు. కర్మలన్నీ అయిపోయాయట. ఇల్లు సర్దుతుంటే డాబా మీద మిషన్‌కు దీపం వెలుగుతూ కనపడిందట. సోలాపూర్ ఆయనను అడగకుండా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దని మామగారు కాగితం అంటించి పెట్టారట. అందుకని అడుగుతున్నాను, తీసెయ్యమంటారా, ఉండనిమ్మంటారా అన్నది. ఉండనివ్వమన్నా ఉంచేట్టే ఉంది పాపం, మంచి పిల్ల.

కూత గది నిండా వస్తూనే ఉంది. నేను తలుపు దగ్గర చాయ్ పట్టుకుని నిలబడ్డాను. ఉంచమ్మా అంటాడనే అనుకున్నాను. నేనైతే అనేదాన్ని. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆ కూత వింటున్నాడు.

"అందుల చెయ్యి లేదు" అన్నాడు, నాతోనో ఎవరితోనో. తర్వాత ఫోన్‌లో మెల్లగా, ఆపెయ్యమని, "బంద్ కరా, తాయీ" అన్నాడు.

ఆమె మెట్లెక్కడానికి పట్టినంతసేపు కూత వచ్చింది. ఆ కాసేపూ ఆయన కదలలేదు. తర్వాత తెగింది. దాని వెనుక ఇన్ని రోజులూ దాగి ఉన్న హోరు ఒకటి గది నిండా వచ్చింది, దూరంగా వాన పడుతున్నట్టు.

ఆయన చెయ్యి నాబ్ మీదకు పోయింది. కొంచెం ఇటు తిప్పాడు. కొంచెం అటు తిప్పాడు. ఎటన్నా జరిగిందేమో అని చూసినట్టు, మళ్లీ ఇటు, మళ్లీ అటు, వెంట్రుక వెంట్రుక చొప్పున.

"అన్నా" అని పిలిచాను.

పలకలేదు.

రెండోసారి పిలవలేదు నేను. చాయ్ గ్లాసు ఆయన చేతికి అందేచోట పెట్టి, చప్పుడు కాకుండా కిందికి వచ్చాను.

ఇంత ఓపికగా విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో ఎవరు ఎవరిని పిలిచినా, ఏ గదిలోంచి పిలిచినా, "ఆ, వస్తున్నా" అనే గొంతు ఒకటి ఎప్పుడూ ఉండాలి. మీ పిల్లలకు, పిల్లల పిల్లలకు కూడా ఉండాలి. ఎదురుచూసేవాళ్లు మీ గడపలో ఒంటరిగా కూర్చోవద్దు. పోయి రండి, మెట్ల దగ్గర చూసుకుని దిగండి.